బావ కడిగిన ఫిల్టరు

కడిగి మళ్లీ మళ్లీ వాడుకునే ఎయిర్ ఫిల్టరు మోటారు సైకిలుకి దండగ. నన్ను ఎవరడిగినా ఇదే చెబుతాను. కాగితం ఫిల్టరు మూసుకుపోతే తీసి అవతల పారేసి ఇంకోటి బిగించుకోండి, హాయిగా ఉంటుంది. టెక్కలి నుంచి బదిలీ మీద మా బడికి వచ్చిన కుర్ర మాస్టారు కొత్త బండి కొనుక్కుని ఈ సంగతే అడిగాడు. అంత ధర పెట్టి కొంటే గిట్టుబాటు అవుతుందా అన్నాడు. అవదు అన్నాను. ఎందుకవదు అన్నాడు. నాకు ఎక్కడలేని చిరాకు వచ్చింది. అవదంటే అవదయ్యా, ఎదురు ప్రశ్నలు వేస్తావెందుకు అని కసిరాను. పాపం, అతను బిక్కమొహం వేసుకుని వెళ్లిపోయాడు. అతనికి చెప్పనిది ఇక్కడ చెబుతాను.

నేనుండేది కాశీబుగ్గలో. నా బడి ఉద్దానంలో, సముద్రానికి దగ్గర్లో. రోజూ బండి మీద వెళ్లి రావాలి. ఊరు దాటేలోపు జీడిపప్పు బట్టీల పొగ, దాటాక గతుకుల రోడ్డు, ఆపైన జీడితోటల మధ్య ఇసక దారి. ఇవన్నీ కలిసి నా బండి ఊపిరి తీసేవి. వేరే ఊళ్లలో ఏడాది వచ్చే కాగితం ఫిల్టరు నాకు మూడు నెలలకే నల్లగా బిగుసుకుపోయేది. మెకానిక్ దాన్ని గచ్చు మీద తట్టి, గాలి కొట్టి, ఇంకో వారం లాగిద్దాం మాస్టారూ అనేవాడు. వారం దాటితే బండి ఎత్తు ఎక్కనని మొరాయించేది.

బడికి రెండు కిలోమీటర్ల దూరంలో మా అప్పని ఇచ్చిన ఊరు. మా వైపు అక్కని అప్ప అంటాం. బావకి రెండెకరాల కొబ్బరి, కాస్త జీడితోట. నాకన్నా పదేళ్లు పెద్దవాడు, అయినా నన్ను కూడా బావా అనే పిలిచేవాడు. ఒక్క క్షణం ఊరికే కూర్చునేవాడు కాదు. విరిగిన మంచం కోడు, తెగిన చెప్పు, చిల్లుపడిన బిందె, ఆ ఇంట్లో పారేసిన వస్తువంటూ నేను చూడలేదు. నేను పాత ఫిల్టరు పారేస్తుంటే ప్రాణం పోయినట్టు చూసేవాడు. దాన్ని కూడా ఇంటికి పట్టుకెళ్లి దూలానికి తగిలించేవాడు. దేనికి బావా అంటే, దేనికో దానికి పనికొత్తాది అనేవాడు.

అలాంటి మనిషికి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ మాట ఎవరికీ వింతగా తోచదు. ఆ వీధిలో అప్పటికే నలుగురికి ఉంది. ఎవరెవరో వచ్చి బావుల్లో నీళ్లు సీసాలకి పట్టుకెళ్లేవాళ్లు. మళ్లీ ఇంకెవరో వచ్చి ఇంకొన్ని సీసాలు పట్టుకెళ్లేవాళ్లు. ఎందుకొస్తోందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మందులతో రెండేళ్లు నెట్టుకొచ్చాక, ఇక వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాల్సిందే అన్నారు. అప్పట్లో అది విశాఖపట్నంలోనే. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే పలాసలో రైలెక్కితే పదకొండింటి వేళకి మెషీను దొరికేది. ఆ వేళ దాటితే ఆ మెషీను ఇంకొకరికి.

ఊరి నుంచి పలాస స్టేషనుకి పద్దెనిమిది కిలోమీటర్లు. మొదటి బస్సు వచ్చేసరికి రైలు వెళ్లిపోయేది. ఆటోలు మనుషులు నిండేదాకా కదలవు, కదిలాక ఆ కుదుపులకి బావకి వాంతులయ్యేవి. అందుకని నా బండే దిక్కు. చీకట్లో కాశీబుగ్గలో బయల్దేరి, తెల్లవారుతుండగా వాళ్లింటికి చేరి, బావని మధ్యలో, అప్పని వెనక కూర్చోబెట్టుకుని స్టేషనులో దింపేవాణ్ని. తరవాత మళ్లీ వెనక్కి బడికి. నేను చేయగలిగింది అంతే. బావ ఒంట్లో జరుగుతున్నదాన్ని ఆపలేను, ఆ దూరాన్ని తగ్గించలేను. వేళకి స్టేషనులో దింపడం ఒక్కటే నా చేతిలో ఉంది. ఆ ఒక్కదాన్నే గట్టిగా పట్టుకున్నాను.

రెండో నెలలో అనుకుంటాను, విశాఖ నుంచి వస్తూ బావ చేతిలో ఒక అట్టపెట్టె తెచ్చాడు. మెషీను మీంచి లేచి సరిగ్గా నిలబడలేని మనిషి, ఆసుపత్రి ఎదురుగా ఉన్న బండి సామాన్ల కొట్టుకి అప్పని లాక్కెళ్లి మరీ కొన్నాడట. ఎర్రటి నూలుగుడ్డ మడతలు, రెండు వైపులా సన్నటి తీగ జాలీ. పెట్టెలోనే చిన్న సీసాలో ఎర్రటి నూనె. వారానికోసారి కడిగి, నీడలో ఆరబెట్టి, పల్చగా నూనె రాసి మళ్లీ బిగించుకోవాలి. బండి పోయినా ఇది పోదని కొట్టువాడు చెప్పాడట. కాగితందాని కన్నా ఆరేడింతలు ధర. నాకు కోపం వచ్చింది. నీ మందులకి లేక అప్ప తిప్పలు పడుతుంటే నా బండికి ఈ సోకేమిటి అని అడిగేశాను.

బావ నవ్వాడు. మెషీను పక్కన రక్తం వడగట్టే గొట్టం ఒకటుంటుంది. దాన్ని ప్రతిసారీ పారేయరు. రోగి పేరు రాసి పెట్టుకుని, మందులతో కడిగి, అదే మనిషికి మళ్లీ వాడతారు. పనితనం తగ్గినప్పుడే పారేస్తారు. బావ ఇదంతా మంచం మీంచి జాగ్రత్తగా గమనించి వచ్చాడు.

"నన్ను బతికిస్తన్న ఫిల్టరునే కడిగి వాడతన్నారు బావా. నీ బండికేటి, అంతకన్నా గొప్పదా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఫిల్టరు ఆయన సొంత పని అయిపోయింది. కొబ్బరి చెట్టు ఎక్కలేడు, నీళ్లకి బోదెలు తవ్వలేడు, దాహమేసినా గ్లాసుతో కొలిచి తాగాలి. రోజంతా అరుగు మీద కూర్చుని, ఎదుటి వాళ్లు పనికి వెళ్లి రావడం చూస్తూ ఉండేవాడు. ఆదివారం వచ్చిందంటే మాత్రం స్నానం చేసి, స్క్రూడ్రైవరు పట్టుకుని నాకోసం కాచుకునేవాడు. పక్క మూత తీసి, ఫిల్టరు బయటికి లాగి, ముందు వెలుగుకి ఎత్తి చూసేవాడు. ఎంత మురికి పట్టిందో చూసి తృప్తిపడేవాడు. కిరసనాయిల్లో ముంచి, సబ్బునీళ్లలో జాడించి, బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేసేవాడు. అది ఆరేదాకా నాకు సెలవు లేదు. భోజనం, నిద్ర, టీ, అన్నీ అయ్యేవి. నిన్ను మీ అప్ప తిండి కోసం కాదు, నా ఫిల్టరు కోసం రానిత్తన్నాను అని ఏడిపించేవాడు.

నిజం చెప్పాలి. మొదటి మూడు నెలలూ బండి బ్రహ్మాండంగా నడిచింది.

తరవాత ఎర్రనూనె అయిపోయింది. పల్చగా రాయమంటే బావ దండిగా రాశాడు మరి. విశాఖ కొట్లో విడిగా సీసా లేదన్నారు, తెప్పిస్తామన్నారు. కొబ్బరి తోటల్లో పుట్టినవాడికి నూనె అంటే ముందు గుర్తొచ్చేది ఏదో అదే రాశాడు. కార్తీకం దాకా బాగానే ఉంది. మార్గశిరం చలికి తెల్లవారేసరికి కొబ్బరినూనె ఫిల్టరు మడతల్లో తెల్లగా పేరుకుంది. ఇరవైసార్లు కిక్కు కొడితే గాని బండి లేవలేదు. తలకి రాసుకునేది బండికి రాస్తే ఇంతే బావా అని వెక్కిరించాను. ఊరికే సరదాకి అన్నాను. ఆయన మాత్రం వారమంతా దాని గురించే ఆలోచించాడట.

తరవాతి ఆదివారం ఫిల్టరు బిగించి ఇచ్చి, ఈసారి మంచి నూనె పడిందిలే అన్నాడు. ఏం నూనె అంటే, ఉన్నాదిలే అని ముసిముసిగా నవ్వాడు. చూపించమని నేను పట్టుబట్టలేదు. ఇంటికి పోయే తొందరలో ఉన్నాను. దారిలో బండి కాస్త బరువుగా లాగినట్టు అనిపించింది. ఘాటు వాసన కూడా వచ్చింది. కాని పలాస, కాశీబుగ్గల్లో ఉండేవాడికి ఆ వాసన తెలియదు. గాలి నిండా ఉండేది అదే.

బావ రాసింది జీడిపిక్కల తొక్కల్లోంచి తీసే నల్లటి నూనె. మా తీరంలో బెస్తవాళ్లు పడవ చెక్కలకి పూస్తారు. అది పూసిన చెక్క ఉప్పునీటికి చివకదు, చెద పట్టదు. బావ తీరానికి కబురు పంపి, తెలిసిన పడవ వాళ్ల దగ్గర కొబ్బరిచిప్పెడు తెప్పించుకున్నాడు. అది చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుందని తెలుసు గనక, చేతులకి ముందు కొబ్బరినూనె పట్టించుకుని మరీ మడత మడతకీ రాశాడు. సముద్రాన్నే లోపలికి రానివ్వనిది దుమ్ముని రానిస్తుందా అనుకున్నాడు. ఎంత చక్కటి ఆలోచన. ఆ నూనె గాలి తగిలి, వేడి తగిలి ముదిరి బంకవుతుందని, దుమ్ముతో పాటు గాలినీ రానివ్వదని ఆయనకి తట్టలేదు. అడిగి ఉంటే నాకూ తట్టేది కాదేమో.

సోమవారం బండి పొగలు కక్కుతూ నడిచింది. మంగళవారం పొద్దున్న ముగ్గురం ఎక్కి ఏడు కిలోమీటర్లు వెళ్లాక, జీడితోటల మధ్య రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

కిక్కు కొట్టాను. ప్లగ్గు తీసి తుడిచాను. మసిపట్టి తడిగా ఉంది. మళ్లీ కొట్టాను. పెట్రోలు ఉందో లేదో ట్యాంకులోకి తొంగి చూశాను, ఉందని తెలిసి కూడా. ఫిల్టరు మూత తీయాలన్న ఆలోచనే రాలేదు. అది బావ చూసుకునేది, దానికేం కాదు. ముందూ వెనకా మనిషి లేడు. సెల్‌ఫోన్లో సిగ్నల్ లేదు. ఉన్నా ఎవరికి చేయాలి? బావని మైలురాయి మీద కూర్చోబెట్టి, నేనూ అప్పా బండి తోశాం, ఎక్కడైనా పల్లంలో అందుకుంటుందేమోనని. అప్ప చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకుని తోసింది. అందుకోలేదు. వెనక్కి వచ్చి చూస్తే బావ మైలురాయి మీద అలాగే కూర్చుని, తొందరేటి లేదు, నెమ్మదిగా సూడు అంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ముప్పైఏళ్ల మగవాణ్ని, నడిరోడ్డు మీద బండి సీటుని గుద్దుతూ నిలబడ్డాను.

కొబ్బరికాయల వ్యాను ఒకటి వచ్చి ఎక్కించుకునేసరికి తూరుపు పూర్తిగా తెల్లారింది. స్టేషనుకి వెళ్తే రైలు వెళ్లిపోయి అరగంటయింది. తరవాతి రైల్లో పంపాను. మెషీను వేళ దాటిపోయింది. ఖాళీ అయితే చూద్దామని సాయంత్రం దాకా కూర్చోబెట్టారు, ఖాళీ కాలేదు. వాళ్లనేం అంటాం, ఆ మెషీను మీద పడుకున్నదీ ఇలాంటి మనిషే. శుక్రవారం రమ్మన్నారు.

బుధవారం మెకానిక్ షెడ్డులో మూత తీస్తే లోపల ఫిల్టరు లేదు, ఒక నల్లటి ముద్ద ఉంది. వేలుతో గీకి వాసన చూసి, "ఇదేటి మాస్టారూ, బండికి పెట్టినారా, పడవకి పెట్టినారా?" అన్నాడు మెకానిక్. అప్పుడు అర్థమైంది. నా ఒళ్లు మండిపోయింది. ఆ ముద్దని కాగితంలో చుట్టుకుని, బావని నాలుగు మాటలు దులిపెయ్యాలనే బయల్దేరాను. నీ పొదుపూ నీ తెలివీ నీ ప్రాణం మీదకే తెచ్చాయని దారంతా లోలోపల అరిచాను.

ఇంట్లో బావ గోడకి దిండు ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. మొహం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. కాళ్లు వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. నన్ను చూసి ముందుగా బండి సంగతే అడిగాడు.

"ఏటయినాది బావా?"

"ప్లగ్గు పోయింది," అన్నాను.

"ఫిల్టరో?"

"దానికేం, బేషుగ్గా ఉంది."

ఆయన మొహంలో ఆ ఉబ్బులోంచి కూడా వెలుగు కనబడింది. అప్ప వైపు తిరిగి, సూసినావా, నా నూనె అన్నాడు. జేబులో కాగితం చుట్టని నేను బయటికి తీయలేదు.

ఆ శుక్రవారం వరకూ ఎలాగో గడిచింది. రెండు రాత్రులు అప్ప వీపు రాస్తూ కూర్చుంది. నేను షెడ్డులో కొత్త కాగితం ఫిల్టరు వేయించాను. ఇక మంగళ, శుక్రవారాల్లో దేన్నీ నమ్మదలచుకోలేదు. నూలు ఫిల్టరుని పెట్రోల్లో రెండు రోజులు నానబెట్టి గీకితే కాస్త రూపానికొచ్చింది. ఇక దాంతో గాలి ఆడదు. కాని ఆదివారం బావ స్క్రూడ్రైవరుతో కాచుకుని ఉంటాడు కదా.

అందుకని ప్రతి ఆదివారం వాళ్ల ఊరి పొలిమేరలో, జీడిచెట్ల వెనక బండి ఆపి, కాగితం ఫిల్టరు తీసి సంచిలో దాచి, నూలు ఫిల్టరు బిగించేవాణ్ని. వారమంతా సంచిలో ఉన్నదానికి మురికెక్కడిది? గుప్పెడు ఇసక తీసి దాని మీద చల్లేవాణ్ని. నలభై మంది పిల్లలకి అబద్ధం ఆడకూడదని పాఠం చెప్పేవాణ్ని, చెట్టు చాటున కూర్చుని ఫిల్టరుకి మురికి పూస్తున్నాను. బావ దాన్ని తీసి, వెలుగుకి ఎత్తి చూసి, కడిగి, ఆరేసి, తన నల్లనూనె రాసి బిగించేవాడు. ఆ నూనె వద్దు అని ఎలా చెప్పను? సాయంత్రం పొలిమేర దాకా బండిని బతిమాలుకుంటూ తెచ్చి, మళ్లీ మార్చేవాణ్ని. ఇలా నాలుగు నెలలు. ఆయన కోసం నేను చేయగలిగింది ఇంకేమీ లేక, దీన్నే ఎంతో శ్రద్ధగా చేశాను.

ఎండలు ముదిరాక బావ బాగా చిక్కిపోయాడు. మెషీను మీద ఉండగానే రక్తపోటు పడిపోయేదట. ఒక ఆదివారం అప్ప నీళ్లకి వెళ్లింది. బావ ఫిల్టరుని వెలుగుకి ఎత్తి చూసి, వేలుతో మీటాడు. ఇసక రాలింది. కడగడానికి ముంచకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"రోడ్డు దుమ్ము మడతల్లోకి దూరీసి ఉంతాది బావా. బట్టీల మసి నల్లగా అంటుకుంతాది. ఇది పైపైనే ఉన్నాది. మా పొలిమేర ఇసక ఇది," అన్నాడు.

తల దించుకున్నాను.

"మొదటి వారమే తెలిసిపోనాది. ఆ పొద్దు బండి ఆగింది నా నూనెకే కదా."

కాదు అనాలి. ఆ ఒక్క మాటకి నాలుగు నెలలుగా సాధన చేస్తున్నాను. బావ నా మొహంలోకి చూసి, తనే తల ఊపాడు. మీ అప్పకి సెప్పకు, ఉత్తి కాళ్లతో తోసింది అన్నాడు. ఆయన కళ్లు చెమర్చడం నేను చూసింది అప్పుడే. మెషీను తప్పిన రోజు కూడా ఏడవలేదు.

ఇక ఈ నాటకం అయిపోయిందనుకుని ఫిల్టరు తీసుకోబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి తీసుకెల్తావు? ఆదివారం ఆదివారం తే. ఖాళీగా కూకోలేను నాను. మురికి సెయ్యాలంటే మట్టుకు సరిగ్గా సెయ్యి. కాశీబుగ్గ బట్టీల కాడి మసి రాయి, కడిగినట్టయినా ఉంతాది."

ఇద్దరం నవ్వాం. నవ్వుతుండగానే నాకు దుఃఖం పొంగుకొచ్చింది, గేటు దాకా వెళ్లి వచ్చాను. తరవాతి వారం నుంచి ఆయన చెప్పినట్టే చేశాను. బట్టీల సందులో గోడలకి వేళ్ల మందాన మసి ఉంటుంది. ఆదివారం పొద్దున్నే బండి ఆపి, ఫిల్టరుని ఆ గోడకేసి నాలుగు వైపులా రుద్ది, సంచిలో పెట్టుకుని వెళ్లేవాణ్ని. పొలిమేరలో మార్చే పని కూడా లేదు, నేరుగా చేతికి ఇచ్చేవాణ్ని. ఆయన వెలుగుకి ఎత్తి చూసి, ఈసారి బాగా పట్టినాది అనేవాడు. అప్ప వింటుండగా గట్టిగా అనేవాడు. కిరసనాయిలు నల్లగా మారేదాకా కడిగేవాడు.

ఆరు ఆదివారాలు అలా కడిగాడు. ఏడోది రాకముందే, ఒక గురువారం మధ్యాహ్నం పోయాడు. శుక్రవారం పొద్దున్నకి బండిలో పెట్రోలు పోయించి సిద్ధంగా ఉంచాను. బండి బాగుంది, కాగితం ఫిల్టరు కొత్తది, వేళకి చేరేవాళ్లం.

కర్మకాండ అంతా అయ్యాక, ఆదివారం పొద్దున్న అప్పని చూడ్డానికి బయల్దేరాను. బట్టీల సందు దగ్గర బండి ఆగింది. నేనే ఆపాను. సంచిలోంచి ఫిల్టరు తీసి, గోడకేసి ఒకవైపు రుద్ది, తిప్పి రెండోవైపు రుద్దుతుండగా గుర్తొచ్చింది, కడిగేవాడు లేడని.